పేరు నిలబెట్టిన రెండు నోటుబుక్కులు

రెజ్యూమేలో ఏడాది గ్యాప్ ఉంటేనే ఇంటర్వ్యూలో మనకు చెమటలు పడతాయి కదా! మూసా జలీల్ జీవితంలో రెండేళ్ల గ్యాప్ ఉంది. ఆ రెండేళ్లూ ఏం చేశారో చెప్పుకోవడానికి ఆయన బతికి లేరు. పైగా సొంత దేశమే ఆయన్ని ద్రోహిగా అనుమానించింది. మరి ఆ మచ్చ ఎలా పోయిందో తెలుసా?

జలీల్ 1906లో రష్యాలోని ఓరెన్‌బర్గ్ ప్రాంతంలో ఓ పేద టాటార్ కుటుంబంలో పుట్టారు. 1931లో మాస్కో యూనివర్సిటీలో సాహిత్యం చదువు పూర్తిచేశారు. టాటార్ భాషలో పిల్లల పత్రికలు నడిపారు, ఒపెరాకు కథ రాశారు, తర్వాత టాటార్ రచయితల సంఘానికి పెద్ద అయ్యారు. అంటే కెరియర్ బాగా సెటిలైన మనిషే. 1941లో హిట్లర్ దాడి చేయడంతో సైన్యంలోకి వెళ్లారు. 1942 జూన్‌లో వోల్ఖోవ్ దగ్గర గాయపడి జర్మన్లకు చిక్కారు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. జర్మన్లు టాటార్ ఖైదీలతో ఓ దళం కట్టి సోవియట్ల మీదికే పంపాలనుకున్నారు. జలీల్ అందులో సాంస్కృతిక పనికి ఒప్పుకున్నారు. ఆ వంకతో క్యాంపులు తిరుగుతూ, లోలోపల ఖైదీలను తిరుగుబాటుకు సిద్ధం చేశారు, రహస్యంగా కరపత్రాలు పంచారు. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం ఆయన శత్రువు కొలువులో ఉన్నట్టే! 1943 ఆగస్టులో గుట్టు రట్టయింది. బెర్లిన్‌లోని మోయాబిట్ జైల్లో పడేశారు. సైనిక కోర్టు మరణశిక్ష వేసింది.

ఆ గదిలో ఆయన చేసిన పని ఒక్కటే, రాయడం. దొరికిన కాగితాలతో అరచేతిలో పట్టేంత నోటుబుక్కులు కుట్టుకున్నారు. భార్య, కూతురు, స్నేహం, జైలు, చావు... అన్నిటి మీదా కవితలు రాశారు. నవ్వించేవి కూడా ఉన్నాయి. అచ్చవుతాయన్న భరోసా లేదు. చుట్టూ ఉన్నవాళ్లలో టాటార్ చదవగలిగినవాళ్లే తక్కువ. ఒక నోటుబుక్కు అరబిక్ లిపిలో, మరొకటి లాటిన్ లిపిలో రాసి, రెండూ వేర్వేరు చేతుల్లో పెట్టారు. 1944 ఆగస్టు 25న ప్లోట్‌జెన్‌జేలో ఆయన్నీ, పదిమంది సహచరులనూ గిలటిన్‌తో చంపేశారు. అప్పటికి ఆయన వయసు 38.

యుద్ధం ముగిశాక, 1946లో సోవియట్ భద్రతా విభాగం ఆయన మీద దేశద్రోహం కేసు తెరిచింది. సరిగ్గా అదే ఏడాది విడుదలైన ఓ ఖైదీ మొదటి నోటుబుక్కును కజాన్‌లోని రచయితల సంఘానికి చేర్చాడు. రెండోదాన్ని జైల్లో తోటి ఖైదీగా ఉన్న బెల్జియన్ ఆండ్రే టిమ్మర్‌మాన్స్ కాపాడారు. అది 1947లో బ్రస్సెల్స్‌లోని సోవియట్ కాన్సులేట్ ద్వారా వచ్చింది. అయినా వెంటనే ఎవరూ నమ్మలేదు. 1953లో రచయిత కొన్‌స్తాంతిన్ సిమొనోవ్ పూనుకుని ఆ కవితలను ఓ మాస్కో పత్రికలో అచ్చువేయించాకే గాలి మారింది. 1956లో 'హీరో ఆఫ్ ద సోవియట్ యూనియన్', 1957లో లెనిన్ బహుమతి... రెండూ ఆయన పోయాకే వచ్చాయి.

మన ఉద్యోగాల వేటకీ ఆయన కష్టానికీ పోలికే లేదు. కానీ ఒకటి గమనించండి. జలీల్ తరఫున వాదించడానికి లాయర్ లేడు, సిఫారసు లేదు. ఆయన ఏ పక్షాన ఉన్నారో చెప్పింది ఆ చేతిరాతే. ఆ రాతను ఒకరు కాకపోతే మరొకరైనా చేరుస్తారని ఇద్దరిని నమ్మారు. ఆఫర్ లెటర్ రాని ఈ నెలల్లో మీరు నేర్చుకున్నదీ, కట్టిన ప్రాజెక్టూ ఎక్కడో ఒకచోట రాసి పెట్టండి. ఇంకొకరికి కూడా చూపించి ఉంచండి. గ్యాప్ గురించి అడిగినప్పుడు చూపించడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.