మిద్దె వేడి లెక్క తేల్చిన దర్జీ కొడుకు

బీటెక్ చదివినవాళ్లకు ఫోరియర్ అనగానే మ్యాథ్స్ పేపర్లో భయపెట్టే సిరీసే గుర్తొస్తుంది. ఆయన దాన్ని తయారు చేసుకుంది మనల్ని ఫెయిల్ చేయడానికి కాదులెండి, వేడి ఎలా కదులుతుందో తేల్చడానికి.

జోసెఫ్ ఫోరియర్ 1768లో ఫ్రాన్స్‌లోని ఓసేర్‌లో ఓ దర్జీ ఇంట పుట్టాడు. పదేళ్లకే అమ్మానాన్నలు పోయారు. లెక్కలు దారి చూపాయి. విప్లవకాలంలో జైలుకెళ్లాడు, బయటికొచ్చి పాఠాలు చెప్పాడు, 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లాడు. తిరిగొచ్చాక గ్రెనోబుల్‌లో మన కలెక్టర్ లాంటి ఉద్యోగం. చిత్తడి నేలలు ఆరబెట్టించడం, రోడ్లు వేయించడం. మిగిలిన టైంలో వేడి మీద ప్రయోగాలు.

1807లో తన పరిశోధనను పారిస్ పండితుల ముందు పెడితే లాగ్రాంజ్ ఒప్పుకోలేదు. 1811లో మళ్లీ పంపాడు. బహుమతి ఇచ్చారు గానీ లెక్క పకడ్బందీగా లేదని చురకా అంటించారు. పుస్తకం వచ్చేసరికి 1822. పదిహేనేళ్లు! ఉద్యోగం చేస్తూ పరీక్షలకు ప్రిపేరయ్యేవాళ్లకు ఆ ఎదురుచూపు ఎలాంటిదో తెలుసు.

ఆయన సూత్రం చిన్నదే. గోడకు అటూఇటూ ఉష్ణోగ్రత తేడా పెరిగితే ఎక్కువ వేడి దాటుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది, మిగతాది పదార్థాన్ని బట్టి. ఒకే మందంలో థర్మకోల్ కంటే కాంక్రీటు దాదాపు 40 రెట్లు వేడిని పంపిస్తుంది. అందుకే కొత్తచెరువులో మే నెల ఎండకు కాగిన స్లాబు రాత్రిదాకా గదిలోకి సెగ వదులుతూనే ఉంటుంది. ఏసీ ఆ సెగను బయటికి తోయడానికే కరెంటు తాగుతుంది. తలుపు కింద సందుంటే ఇంకా దండగ. మన సీమ చవుడు మిద్దెలు చల్లగా ఉండేది పైనున్న మందపాటి మట్టి వల్లే. (వానకు కారితే పడే తిప్పలు వేరే సంగతి.)

2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం, లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరు పైకప్పు నుంచి 1.2 వాట్లకు మించి వేడి దాటకూడదు. వట్టి స్లాబు దానికి దాదాపు మూడు రెట్లు దాటిస్తుంది. ఈ లెక్కలు వేసే ఎనర్జీ ఆడిటర్ కావాలంటే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్టిఫికేషన్ పరీక్ష ఉంది. అందులోనూ ఫోరియరే ఎదురవుతాడు.

ఇంటితో ఆగక, గాలి పొర భూమిని ఎలా వెచ్చగా ఉంచుతుందో కూడా 1824లో రాశాడు. ఈజిప్టు నుంచి వచ్చాక మాత్రం ఆయనకు చలి అసలు పడేది కాదట. వెచ్చటి గదిలోనూ మందపాటి బట్టలు కప్పుకునే ఉండేవాడంటారు. 1830లో పారిస్‌లో కన్నుమూశాడు.