బందరు బిడ్డ, కులపతి రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు

మన కృష్ణా జిల్లా మచిలీపట్నంలో 1862వ సంవత్సరం అక్టోబరు 1వ తేదీన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు జన్మించారు. తండ్రి అప్పయ్య నాయుడు గారు సైన్యంలో సుబేదారు. సిపాయి కుటుంబం కాబట్టి తండ్రికి ఎక్కడికి బదిలీ అయితే పిల్లవాని చదువూ అక్కడికే పోయేది. చిన్నతనం ఉత్తరాదిన చాందా ప్రాంతంలో గడిచింది. అక్కడ హిందీ, ఉర్దూ, పారశీకం నేర్చారు. తర్వాత తండ్రితో పాటు హైదరాబాదు వచ్చి అక్కడ హైస్కూలు చదివారు. అంటే ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, బళ్ళో ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదివి వచ్చాం, ఇంక మనకు ఇంగ్లీషు ఏం వస్తుందిలే అని దిగులుపడే తమ్ముళ్ళు ఈ సంగతి కొంచెం ఆగి చదవాలి. ఇంగ్లీషు ఆయనకు ఇంటి భాష కాదు, వీధి భాషా కాదు. ఎన్నో భాషల తర్వాత వచ్చి చేరిన భాష.

పై చదువు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. అప్పట్లో దానికి ప్రిన్సిపాల్ విలియం మిల్లర్ గారు. ఈ గురువు ప్రభావం నాయుడు గారి మీద జీవితాంతం ఉంది. బి.ఏ. అయ్యాక ఇంగ్లీషు సాహిత్యంలోనే ఎం.ఏ. చేశారు. ఆ రోజుల్లో ఎం.ఏ. అంటే మాటలా? జిల్లాకు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండేవారు కారు. కావాలంటే సర్కారు కొలువులో పెద్ద ఉద్యోగం చూసుకోవచ్చు. ఆయన మాత్రం బడిపంతులు దారి పట్టారు. మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో కొంతకాలం పనిచేసి, సొంత ఊరు బందరుకు వచ్చి నోబుల్ కాలేజీలో అధ్యాపకులుగా చేరారు.

నోబుల్ కాలేజీ గురించి ఒక మాట చెప్పాలి. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ దొర 1843లో బందరులో ఇంగ్లీషు బడి పెట్టారు. కృష్ణా డెల్టాలో ఇంగ్లీషు చదువుకు అదే పెద్ద పునాది. అయితే పై కులాల వారి పిల్లలను ఆకర్షించాలన్నదే ఆ బడి మొదటి ఉద్దేశం. మా తాతల తాతలు ఆ రోజుల్లో ఆ గుమ్మం దరిదాపులకు వెళ్ళి ఉండరు. చరిత్ర చదివేటప్పుడు మనలాంటి వాళ్ళకు ఇలాంటి చోట మనసు కలుక్కుమంటుంది. అయినా చదవాలి.

ఆ కాలేజీలో నాయుడు గారి పాఠాలు విన్నవారిలో కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావు గారు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఉన్నారు. పట్టాభి గారు తర్వాత కాంగ్రెసు చరిత్రను ఇంగ్లీషులో రాశారు. అది 1935లో అచ్చయింది. పల్లెటూరిలో పుట్టిన మనిషి దేశమంతా చదివే పుస్తకం పరాయి భాషలో రాశారంటే, పునాది వేసిన మాస్టార్లను కూడా తలుచుకోవాలి కదా.

1889లో నాయుడు గారి భార్య చనిపోయారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై లోపే. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అప్పటి నుంచి కడదాకా తెల్లని బట్టలే కట్టారు. బ్రహ్మసమాజంలో చేరి విగ్రహారాధననూ, కులభేదాలనూ కాదన్నారు. పెద్దవారి ఇళ్ళ వేడుకల్లో భోగం మేళాలు పెట్టడం తప్పని ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. ఆ మేళాలు పెట్టేవాళ్ళే ఊరి పెద్దలు, కాలేజీలకు చందాలిచ్చేవాళ్ళూ వాళ్ళే. ఆ రోజుల్లో ఒక మాస్టారు అలా మాట్లాడాలంటే ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి.

తర్వాత సికిందరాబాదు మహబూబ్ కాలేజీలో ప్రిన్సిపాల్ గా చేసి, 1904లో కాకినాడ పిఠాపురం రాజా వారి కాలేజీకి ప్రిన్సిపాల్ గా వచ్చారు. 1919 దాకా అక్కడే ఉన్నారు. మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ పదిహేనేళ్ళే. ఆయన కాలంలో ఆ కాలేజీ పెద్ద కాలేజీ అయింది. ఆడపిల్లలను మగపిల్లలతో పాటు కూర్చోబెట్టి చదివించారు. ఫీజు కట్టలేని పిల్లలకు తన జీతంలోంచి కట్టారు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ గారి సాయంతో కాకినాడలో అనాథ శరణాలయం నడిపారు. అంటరానివారని ఊరు దూరం పెట్టిన పిల్లలకు హాస్టలు పెట్టించారు.

తమ్ముళ్ళూ, ఈ చివరి వాక్యం మళ్ళీ ఒకసారి చదవండి. సాంఘిక సంక్షేమ శాఖ అనే పేరే లేని రోజులవి. స్కాలర్ షిప్పు లేదు, మెస్ చార్జీలు లేవు, దుప్పటీ ట్రంకుపెట్టె ఇచ్చే జీవో లేదు. 1917లో మన బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ గారి అధ్యక్షతన సభ జరిగి, పంచములు అనే పేరు వద్దు, మేము ఆది ఆంధ్రులం అని మనవాళ్ళు చాటుకున్నారు. ఒకవైపు మనవాళ్ళు తమ పేరు తాము పెట్టుకుంటున్న కాలం, ఇంకొకవైపు ఒక ప్రిన్సిపాల్ ఆ పిల్లలకు కంచం, చాప, పుస్తకం చూస్తున్న కాలం. రెండూ కలిస్తేనే ఈరోజు మనం కూర్చున్న ఈ స్టడీ అవర్. ఒక్క ఆయన వల్లే వచ్చిందని మేము అనము.

ఆ కాలేజీలో చదివిన వారిలో చలం గారు ఒకరు. తర్వాత విద్యాశాఖలోనే స్కూళ్ళ ఇన్ స్పెక్టరుగా పనిచేశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి మీదా నాయుడు గారి ప్రభావం ఉంది. చూడండి విచిత్రం! ఇంగ్లీషు మాస్టారి నీడలో పెరిగినవాళ్ళు తెలుగులో గొప్ప రచయితలయ్యారు. ఇంగ్లీషు నేర్చుకుంటే తెలుగు పోతుందని భయపెట్టేవారికి ఇది మా జవాబు.

1924లో ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మూడేళ్ళు చేశారు. ఆయన ఆ పదవిలో ఉండగానే, 1926లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడింది. అది మొదట మన బెజవాడలోనే పనిచేసిందనీ, 1930లో వాల్తేరు వెళ్ళిందనీ మన హాస్టల్లో ఎంతమందికి తెలుసు? ఆ విశ్వవిద్యాలయమే ఆయనను డాక్టరేటుతో గౌరవించింది.

మాలో బి.ఇడి. చేస్తున్న వాళ్ళు ఉన్నారు. మేము పీజీ వాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాదే. ఇంటర్ ఇంగ్లీషు పేపరును గైడు బట్టీపట్టి దాటేశాం అనుకుంటే, బి.ఇడి.లో అదే ఇంగ్లీషు మళ్ళీ ఎదురొస్తోంది. ఇప్పుడు సర్కారు బడుల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. డీఎస్సీలో కొన్ని పోస్టులకు ఇంగ్లీషు పరీక్ష కూడా పెట్టారు. లెక్కల మాస్టారు అయినా సరే, ఆ ఇంగ్లీషు పేజీ పిల్లల ముందు తడబడకుండా చదవాలి. ఆ పిల్లలు ఎక్కువమంది మన వాడల పిల్లలే. మనం తడబడితే నష్టం వాళ్ళకే. అందుకే మేము ఆరుగురం రాత్రి స్టడీ అవర్ అయ్యాక అరగంట కూర్చుని, ఇంటర్ టెక్స్ట్ పుస్తకంలో ఒక పేరా ఒకరు పైకి చదవడం, మిగతావాళ్ళు సొంత మాటల్లో ఇంగ్లీషులోనే చెప్పడం చేస్తున్నాం. గైడు ముట్టుకోకూడదని నియమం. మొదటి వారం నవ్వులే ఎక్కువ. ఇప్పుడు నవ్వులు తగ్గి మాటలు పెరిగాయి. కలవాలనుకునే తమ్ముళ్ళు పై అంతస్తు వరండాకు రావచ్చు.

నాయుడు గారి ఇంగ్లీషు ఉపన్యాసాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. వాక్యాలు చాలా పొడుగు. నిఘంటువు పక్కన లేనిదే మాకు అర్థమయ్యేలా లేవు. మొదట వాటి జోలికి వెళ్ళకండి, ఇంటర్ పుస్తకమే మేలు.

1939 మే 26న ఆయన కాకినాడలో కన్నుమూశారు. వైస్ ఛాన్సలర్ అయిన తర్వాత కూడా అనాథ పిల్లల బాగోగులు వదల్లేదు. ఆయన నడిపిన కాలేజీ ఇప్పుడు ప్రభుత్వ కాలేజీగా కాకినాడలో ఉంది. ఆ ఊరు పరీక్షలకు వెళ్ళే మన హాస్టల్ తమ్ముళ్ళు తీరిక ఉంటే చూసి రావచ్చు.