తొలి గగనయాత్రికుడు

నేలను విడిచి ఆకాశంలో స్వేచ్ఛగా విహరించిన మొదటి మానవులు ఇద్దరు. వారిలో ఒకడైన పిలాత్ర్ ద రోజియే 1754లో ఫ్రాన్సు దేశంలోని మెట్జ్ నగరంలో, ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. రసాయన శాస్త్రంపై మక్కువతో పారిస్ చేరి, 1781లో ఒక విజ్ఞాన మందిరాన్ని నెలకొల్పాడు. హైడ్రోజన్ వాయువును నోట నింపుకొని దీపశిఖపైకి ఊది కనుబొమలు కాల్చుకొన్నాడని ప్రతీతి. ఆ వాయువు స్వభావం అతనికి అంత దగ్గరగా తెలుసు!

వేడెక్కిన గాలి చల్లని గాలికన్న తేలిక. ఈ ధర్మాన్ని ఆధారం చేసికొని, కాగితం తయారుచేసే మోంగోల్ఫియే సోదరులు 1783 జూన్‌లో తమ బెలూన్‌ను ఎగురవేశారు. సెప్టెంబరులో వెర్సాయ్ రాజప్రాసాదం వద్ద ఒక గొర్రె, ఒక బాతు, ఒక కోడిపుంజు గాలిలోకి లేచి ప్రాణాలతో దిగాయి. తరువాత మనుషుల వంతు వచ్చింది. పోతే పోయే ప్రాణాలు కదా అని నేరస్థులను పంపదలచాడు పదహారవ లూయీ. ఆ మాట రోజియేకు ములుకులా తాకింది. రాజు మరణాన్ని చూచిన చోట ఇతడు కీర్తిని చూచాడు. మార్క్విస్ దార్లాండ్ తోడు కాగా, ఆ గౌరవాన్ని పట్టుబట్టి సాధించుకొన్నాడు.

నవంబరు 21న వారిద్దరూ పారిస్ నగర శివారులోని లా ముయెత్ భవనం నుండి పైకి లేచారు. మండే కుంపటిలో గడ్డి వేస్తూ, బట్టకు చిల్లులు పెడుతున్న నిప్పును తడి స్పంజితో ఆర్పుకొంటూ, 25 నిమిషాలలో సుమారు 9 కిలోమీటర్లు సాగి క్షేమంగా దిగారు.

పది రోజులకే షార్ల్ అనే శాస్త్రవేత్త హైడ్రోజన్ బెలూన్‌లో ఎగిరాడు. అందులో నిప్పు అక్కరలేదు. రోజియే ఈ రెండు పద్ధతులను జోడించదలచాడు. పైన హైడ్రోజన్ సంచి, దాని క్రింద వేడిగాలి సంచి, అడుగున కుంపటి. మంటను హెచ్చించి తగ్గించి ఎత్తును మార్చుకోవచ్చు. హైడ్రోజన్‌ను వృథాగా వదలనక్కరలేదు. ఊహ చక్కనిదే కాని, దూది ప్రక్కన దివ్వె పెట్టినట్లే!

ఆ బెలూన్‌లో ఇంగ్లీషు ఛానల్ దాటడానికి, రాజకోశం నుండి ధనం పొంది, బులోన్ తీరాన అనుకూల పవనానికై నెలల తరబడి వేచాడు. ఇంతలో 1785 జనవరి 7న బ్లాంషార్, జెఫ్రీస్ ఆవలి తీరం నుండి బయలుదేరి ముందుగా దాటేశారు. అయినా ఆ అభిమానధనుడు వెనుదిరగలేదు. జూన్ 15న పియెర్ రొమేన్‌తో కలిసి పైకి లేచాడు. సముద్రం మీదికి సాగిన బెలూన్‌ను గాలి మరలా నేలవైపు నెట్టింది. పై సంచి కూలిపోయి, విమెరూ గ్రామం వద్ద ఇద్దరూ నేలకొరిగారు. అప్పటికి రోజియే వయస్సు 31 సంవత్సరాలు.

ఆ జంట అమరికకు నేటికీ అతని పేరే ఉన్నది. 1999లో పికార్, జోన్స్ ఎక్కడా ఆగక భూగోళాన్ని చుట్టివచ్చినది అట్టి బెలూన్‌లోనే. అందులో హైడ్రోజన్‌కు బదులు మండని హీలియం నింపారు.