దాగిన జబ్బును బయటపెట్టిన వాసర్‌మన్

అగస్ట్ ఫాన్ వాసర్‌మన్ 1866 ఫిబ్రవరి 21న జర్మనీలోని బాంబెర్గ్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1888లో వైద్య పట్టా పుచ్చుకుని, తర్వాత బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ నడిపే అంటువ్యాధుల సంస్థలో చేరారు.

మన పెద్దలు సవాయి రోగం అన్న సిఫిలిస్ ఆ రోజుల్లో ఊళ్లను వణికించేది. మొదట నొప్పి లేని పుండు వచ్చి, దానంతటదే మానేది. రోగి తగ్గిపోయిందనుకునేవాడు. జబ్బు మాత్రం ఏళ్ల తరబడి ఒంట్లోనే దాగి గుండెను, మెదడును దెబ్బతీసేది. తల్లి నుంచి కడుపులోని బిడ్డకూ సోకేది.

ఈ జబ్బు క్రిమిని 1905లో షౌడిన్, హాఫ్‌మన్ కనుగొన్నారు. మరుసటి ఏడాదే వాసర్‌మన్ తన తోటి వైద్యులు నైసర్, బ్రుక్‌లతో కలిసి రక్త పరీక్ష తెచ్చారు. పైకి ఏ లక్షణమూ లేనివారిలోనూ జబ్బు బయటపడసాగింది. వేరే జబ్బులున్న కొందరికీ అది సిఫిలిస్ ఉందనే చూపేది. అయినా దశాబ్దాలపాటు ప్రపంచమంతా దాన్నే వాడింది. 1925 మార్చి 16న ఆయన బెర్లిన్‌లో కన్నుమూశారు. పెన్సిలిన్‌తో ఈ జబ్బు నయమవుతుందని తేలింది 1943లో. అది చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

మన ఆసుపత్రుల్లో గర్భిణులకు రాసే వీడీఆర్‌ఎల్ ఆ పరీక్ష వారసురాలే. 2022లో ప్రపంచంలో దాదాపు 80 లక్షల మంది పెద్దలకు ఈ జబ్బు కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కనుక కూతురికో కోడలికో రాసిన చీటీలో ఆ పేరు కనిపిస్తే అనుమానపడకండి. గర్భిణులందరికీ చేసే పరీక్షే అది. పుట్టబోయే బిడ్డకు రక్ష.