నిజాంసాగర్ కట్టించిన రాజు



కోత పండుగకు మన బాన్సువాడ ప్రాంతపు రైతులు మందిరానికి వడ్లు తెస్తారు. వాటిలో ఎన్నో నిజాంసాగర్ కాలువ నీళ్లతో పండినవే. నీళ్లిచ్చిన దేవునికి స్తోత్రం చెల్లిస్తాము గాని, ఆనకట్ట కట్టించిన రాజును పెద్దగా తలచుకోము. ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందుంచుతున్నాము.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1886లో జన్మించారు. తండ్రి మహబూబ్ అలీ ఖాన్ మరణించగా 1911లో ఏడవ నిజాంగా గద్దెనెక్కారు. అంతకు మూడేళ్ల ముందు మూసీ వరద హైదరాబాదులో వేలాది మందిని బలిగొన్నది. మళ్లీ అలాంటి నాశనం రాకుండా మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టించారు. అవే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. మూసీ ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. 1923లో మన మంజీర మీద పని ఆరంభమై, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. లోకంలోకెల్లా ధనవంతుడని పేరు పొందిన ఆ రాజు కింగ్ కోఠీలో సాదాగా బ్రతికారు.

ఇంతటితో ఆపితే సగం సత్యమే చెప్పినవారమవుతాము. ఆయన ఏలుబడిలోనే దొరల గడీల్లో పేదలు వెట్టి చేశారు. ప్రజల్లో చాలామంది మాట్లాడేది తెలుగైనా, విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. చివరి రోజుల్లో రజాకార్లు ఊళ్ల మీద పడితే ఆయన వారిని అదుపు చేయలేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం రాగా ఆ ఏలుబడి ముగిసింది. 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ్‌గా ఉండి, 1967లో కన్నుమూశారు.

సొలొమోను మందిరం కట్టించాడు, నగరు కట్టించాడు. ఆయన పోయాక ప్రజలు రెహబాము దగ్గరకు వచ్చి ఆ కట్టడాలను పొగడలేదు. బరువైన కాడిని తేలిక చేయమని వేడుకున్నారు. నిజాం చేసిన మేలును మేము కాదనము. ఆ నీళ్లతో పండిన అన్నమే తింటున్నాము. అయితే ఆ మేలు వెట్టివాని కన్నీటిని చెరిపివేయదు.

మన సంఘాలూ మందిరాలు కడుతున్నాయి, శిలాఫలకాలు వేయిస్తున్నాయి. కూలివానికి కూలి సకాలంలో అందిందా? పేద విధవరాలి మీద మోయలేని చందా వేశామా? రాయి మీద పేరు చెక్కించకముందు ఈ లెక్క చూసుకుందాము.