మైబాక్ జీవితము

మోటారు బండి నడిత్రోవలో నిలిచి ఆవిరి గ్రక్కుట మనమందరము చూచినదే. ఆ బాధకు మందు కనిపెట్టిన విల్హెల్మ్ మైబాక్ 1846 ఫిబ్రవరి 9వ తేదీన జర్మనీలోని హైల్‌బ్రాన్ పట్టణమున జన్మించెను. పదియేండ్లకే తలిదండ్రులు లేనివాడు కాగా, రాయిట్లింగెనులో గుస్టావ్ వెర్నరు అను బోధకుడు స్థాపించిన ఆశ్రమ మాతనిని జేర్చుకొనెను. అచ్చటి కర్మశాలలో యంత్రముల పటములు గీయ నేర్చెను. డైమ్లరు స్నేహమును అచ్చటనే లభించెను.

తొలి బండ్లలో నీరు ఆవిరియై పోవుచుండ, దారిపొడవున మరల మరల పోయవలసి వచ్చెడిది. ఇంజను బలము హెచ్చినకొలది వేడియు హెచ్చెను. 1900లో 35 గుర్రముల బలముగల మెర్సిడెస్ బండికి మైబాక్ తేనెపట్టు వంటి రేడియేటరును నిర్మించెను. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టములు 8,070! గొట్టములలో గాలి, వాని సందులలో నీరు, వెనుక నొక పంకా. 9 లీటర్ల నీరే చాలెను. 1901 మార్చిలో నీస్ పందెములలో ఆ బండి గెలిచెను.

నేటికిని ఇంజను మరిగినచో, నీరున్నదా, పారుచున్నదా, గాలి దూరుచున్నదా యని పరీక్షింపవలెను. మేమొకమారు ఎక్కిన బస్సున నీరు నిండుగనే యుండెను. రేడియేటరు కన్నములు మాత్రము కళ్ళముల ఊకతో మూసికొనిపోయెను. (ఇంజను చల్లారకముందు మూత తీయరాదు, ఆవిరి చేయి కాల్చును.)

మైబాక్ 1907లో డైమ్లరు సంస్థను విడిచెను. 1929 డిసెంబరు 29వ తేదీన స్టుట్‌గార్టులో మరణించెను.