బలానికి మూలం వెదకిన వైద్యుడు

దేహం బలంగా ఉండాలని కోరని వారుండరు. అందుకోసం కొందరు తెల్లవారకముందే లేచి దండీలు, బస్కీలు తీస్తారు. కొందరు గరిడీలో చేరి సాము నేర్చుకుంటారు. కాని ఎంత కసరత్తు చేసినా, కండను పెంచే సరుకు దేహానికి అందకపోతే ఫలితం ఉండదు. ఒక ప్రాంతం వారు దృఢంగానూ, మరొక ప్రాంతం వారు బలహీనంగానూ ఎందుకుంటారు? ఒకప్పుడు దీనికి జాతి కారణమనీ, ఎండ కారణమనీ, తలరాత అనీ చెప్పేవారు. ఈ ప్రశ్నకు నీలగిరి కొండల్లోని కూనూరులో పరిశోధనలు చేసి జవాబు వెదకిన వైద్యుడు రాబర్ట్ మెక్కారిసన్.

ఆయన 1878 మార్చి 15న ఉత్తర ఐర్లండులోని పోర్టడౌన్ పట్టణంలో జన్మించాడు. బెల్‌ఫాస్ట్‌లో వైద్యవిద్య ముగించి, 1901లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి భారతదేశానికి వచ్చాడు. వాయవ్య సరిహద్దున ఉన్న గిల్గిత్ కొండప్రాంతంలో కొన్నేళ్లు పనిచేశాడు. అక్కడి పల్లెల్లో ఎందరికో గొంతు వాచి ఉండేది. ఇదే గాయిటర్ వ్యాధి. తాగే నీటిలో దోషముందని మెక్కారిసన్ అనుమానించాడు. ఆ నీటిలోని మడ్డిని ఇతరులతో పాటు తానూ తాగి పరీక్షించాడు. ఈ వ్యాధికి ముఖ్య కారణం అయొడిన్ లోపమని నేడు మనకు తెలుసు. అయినా, ఇతరుల చేత తాగించేదాన్ని తానూ తాగడానికి వెనుదీయని ఆయన నిజాయితీ గొప్పది.

ఆ దాపునే హుంజా లోయ ఉంది. అక్కడి వారు కొండలెక్కడంలో, బరువులు మోయడంలో అలసట ఎరుగరని ఆయన గమనించాడు. వారు తినేది పొట్టు తీయని ధాన్యం, పాలు, ఆకుకూరలు, పండ్లు. మాంసం ఎప్పుడో కొద్దిగా. ఆహారానికీ బలానికీ గల సంబంధం గురించి ఆయన అప్పటినుండే ఆలోచించసాగాడు.

1918లో కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక గదిలో ఆయన పరిశోధన మొదలైంది. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి వ్యాధి ప్రబలంగా ఉండేది. కాళ్లలో సత్తువ పోవడం, ఒళ్లు ఉబ్బడం, గుండె బలహీనపడడం దాని లక్షణాలు. మరపట్టి తెల్లగా చేసిన బియ్యంలో తవుడుతో పాటు ‘బి’ విటమిను కూడా పోతుంది. ఆ అన్నమే ప్రధానంగా తినేవారికి ఈ వ్యాధి వచ్చేది. మెక్కారిసన్ పావురాలపై ప్రయోగాలు చేసి, ఆహారలోపం నరాలనే కాక దేహంలోని ప్రతి అవయవాన్నీ దెబ్బతీస్తుందని చూపాడు.

పని ఇలా సాగుతుండగా 1923లో ప్రభుత్వం పొదుపు పేరిట ఆ పరిశోధనను నిలిపివేసింది. అయినా మెక్కారిసన్ పట్టు విడువలేదు. 1925లో పరిశోధన తిరిగి మొదలైంది. 1928 నాటికి ఆ ఒక్క గది ఒక పోషకాహార పరిశోధనాలయంగా ఎదిగింది. దానికి ఆయనే తొలి డైరెక్టరు.

ఆయన చేసిన ప్రయోగాల్లో ఒకటి మిక్కిలి ప్రసిద్ధం. ఒకే వయసు, ఒకే బరువు గల ఎలుకలను ఏడు గుంపులుగా చేశాడు. గుంపుకు ఇరవై ఎలుకలు. సిక్కులు, పఠానులు, మరాఠీలు, గూర్ఖాలు, కన్నడిగులు, బెంగాలీలు, మద్రాసు ప్రాంతంవారు తినే భోజనాలను ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్కటి చొప్పున పెట్టాడు. చివరకు తూచి చూస్తే సిక్కుల భోజనం తిన్న ఎలుకల సగటు బరువు 235 గ్రాములు. మద్రాసు భోజనం తిన్నవాటిది 155 గ్రాములే! ఎలుకలన్నీ ఒకే జాతివి. గాలి, నీరు, గూడు అన్నీ ఒకటే. తేడా అంతా తిండిలోనే ఉంది. మొదటి గుంపుకు దొరికింది పొట్టుతో కూడిన గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చి కూరలు. చివరి గుంపుకు దొరికింది ముఖ్యంగా తెల్లబియ్యపు అన్నం. పాలు మాత్రం చాలా కొద్ది.

ఇంగ్లండులోని పేదల భోజనాన్ని కూడా ఆయన పరీక్షించకుండా వదలలేదు. తెల్లరొట్టె, చక్కెర వేసిన టీ, డబ్బా మాంసం వంటివి తిన్న ఎలుకలు ఎదగక, ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఏ జాతివారికైనా ఆహార నియమం ఒక్కటేనని దీనివల్ల తేలింది.

కూనూరు పరిశోధనలు తెలిపిన సంగతులు చూడడానికి చిన్నవి. బియ్యాన్ని మరీ తెల్లగా మరపట్టరాదు. పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే సారం పోతుంది. ఉప్పుడు బియ్యంలో ‘బి’ విటమిను ఎక్కువగా నిలుస్తుంది. అన్నంతో పాటు పప్పు, పాలు, ఆకుకూరలు చేరాలి. వీటిలో కొన్నింటికి పైసా ఖర్చు లేదు. కావలసింది తెలివిడి మాత్రమే.

ప్రభుత్వం 1933లో ఆయనకు ‘సర్’ బిరుదు ఇచ్చింది. 1935లో ఆయన పదవీ విరమణ చేసి ఇంగ్లండు వెళ్లాడు. ఆయన నాటిన మొక్క మాత్రం ఇక్కడే వేళ్లూనింది. కూనూరు పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మెక్కారిసన్ 1960 మే 18న ఆక్స్‌ఫర్డ్‌లో మరణించాడు.

బలహీనత పుట్టుకతో వచ్చిన శాపం కాదని, దాన్ని మార్చుకునే దారి మన వంటింట్లోనే ఉందని ఆయన జీవితం మనకు బోధిస్తుంది.